కాకినాడ సముద్రం కింద సరిహద్దు దాటిన గ్యాస్: 11.122 అనే లెక్క కథ

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, భూమి లోపల గ్యాస్ ఒకళ్ల బ్లాక్ నుంచి ఇంకొకళ్ల బ్లాక్‌లోకి వెళ్లిందని అంటారు కదా, అది ఎవరు చూశారు?" అని. మంచి ప్రశ్న. సమాధానం ఏంటంటే, ఎవరూ చూడలేదు. కంప్యూటర్‌లో మోడల్ కట్టి లెక్కేశారు. ఆ లెక్క మీద వేల కోట్ల రూపాయల కేసు ఏళ్ల తరబడి నడిచింది. ఈరోజు ఆ కథే.

ముందు మన కాళ్ల కింద నుంచి మొదలుపెడదాం. మేం ఈ వీడియోలు తీసేది ఎర్రమంజిల్‌లో. ఇక్కడి నుంచి పంజాగుట్ట, అమీర్‌పేట దాకా మెట్రోలో రెండు స్టేషన్లు. ఈ దారంతా కింద ఉన్నది గ్రానైట్. బంజారాహిల్స్ వైపు బండరాళ్లు చూస్తారు కదా, అదే రాయి, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. గ్రానైట్‌కి లోపల ఖాళీలు దాదాపు ఉండవు. పగుళ్లు ఉంటే ఆ పగుళ్లలో నీళ్లుంటాయి, అంతే. అందుకే ఒక అపార్ట్‌మెంట్‌లో 300 అడుగులకే నీళ్లు పడతాయి, పక్క బిల్డింగ్‌లో వెయ్యి అడుగులు వేసినా దుమ్మే వస్తుంది.

ఇంకో సంగతి కూడా మనందరికీ తెలుసు. పక్కవాడు మనకన్నా లోతుగా బోరు వేస్తే, ఎండాకాలం వచ్చేసరికి మన బోరు ఎండిపోతుంది. వాడు మన స్థలంలోకి రాలేదు, మన పైపు ముట్టుకోలేదు. వాడి స్థలంలో వాడు మోటార్ వేసుకున్నాడు. కానీ నీళ్లు మాత్రం పోయాయి. ఇది దొంగతనమా? ఈ గొడవలు ఎక్కువయ్యాకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వాల్టా చట్టం తెచ్చి, బోర్లకి అనుమతులు, దూరాల నిబంధనలు పెట్టారు. ఈ బోరు గొడవని గుర్తుపెట్టుకోండి. ఇదే గొడవని సముద్రంలోకి తీసుకెళ్లి, నీళ్ల బదులు మీథేన్ పెట్టి, ఒకవైపు ఓఎన్‌జీసీని, ఇంకోవైపు రిలయన్స్‌ని నిలబెడితే మన కేసు అవుతుంది.

గ్యాస్ గ్రానైట్‌లో దొరకదు. దానికి అవక్షేప శిలలు కావాలి. స్కూల్లో సోషల్ పుస్తకంలో చదివాం, నది తెచ్చిన ఇసుక, బురద పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడితే అవక్షేప శిల అని. మన దగ్గర ఆ పని చేసింది గోదావరి, కృష్ణ. నాసిక్ దగ్గర పుట్టి, బాసర మీదుగా, భద్రాచలం మీదుగా గోదావరి మోసుకెళ్లిన మట్టి అంతా ఎక్కడికి పోయింది? కొంత కోనసీమ అయ్యింది. మిగతాది సముద్రంలోకి జారింది. సముద్రం అడుగున కూడా నదుల్లాంటి కాలువలు ఉంటాయి ఫ్రెండ్స్, మెలికలు తిరుగుతూ పోతాయి. ఆ కాలువల్లో ఇసుక, వాటి చుట్టూ బంకమట్టి. ఆ బురదతో పాటు వచ్చిన ఆకు, కొమ్మ, చెత్తని సూక్ష్మజీవులు తిని మీథేన్ తయారు చేశాయి. కాకినాడకి ఎదురుగా, తీరానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న కేజీ-డీ6 గ్యాస్ ఇలా పుట్టిందే. దాదాపు స్వచ్ఛమైన మీథేన్.

పుట్టిన గ్యాస్ పుట్టినచోట ఉండదు. ఇసుకరాయిలో రేణువుల మధ్య సన్నటి ఖాళీలు ఉంటాయి, వాటి నిండా ఉప్పునీళ్లు. నీటి కన్నా గ్యాస్ తేలిక కాబట్టి పైకి ఎగబాకుతుంది. ఒక ఖాళీ నుంచి ఇంకో ఖాళీకి, లక్షల ఏళ్లు. పైన బంకమట్టి పొర తగిలితే ఆగిపోతుంది. బంకమట్టిలో కూడా ఖాళీలు ఉంటాయి, కానీ అవి ఎంత సన్నం అంటే, అందులో ఇరుక్కున్న నీటిని తోసుకుని గ్యాస్ లోపలికి దూరలేదు. దూరే దారి లేక కింద పోగవుతుంది. మనం గ్యాస్ నిక్షేపం అంటున్నది ఇలా పోగైన చోటునే.

ఈ కదలికని లెక్కలోకి మొదట తెచ్చినవాడు గ్యాస్ మనిషి కాదు. హెన్రీ డార్సీ అని ఫ్రాన్స్ ఇంజినీరు. డీజాన్ అనే ఊరికి మంచినీళ్లు తెచ్చినాయన. ఇసుక నింపిన నిలువు గొట్టంలో నీళ్లు పోసి, ఎంత ఒత్తిడి తేడాకి ఎంత నీరు దిగుతోందో కొలిచి 1856లో అచ్చు వేశాడు. రెండు చివర్ల మధ్య ఒత్తిడి తేడా పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, ఇసుక మందం పెరిగితే తగ్గుతుంది, మిగిలింది ఆ ఇసుక స్వభావం. ఆ స్వభావానికే ఇప్పుడు పర్మియబిలిటీ అని పేరు, దాని యూనిట్ పేరు కూడా డార్సీ. ఒక చిన్న ఊరి ఫౌంటెన్ల కోసం రాసిన సూత్రం ఈరోజు ప్రపంచంలో ప్రతి గ్యాస్ మోడల్ లోపల రన్ అవుతోంది.

సరే, మోడల్ అంటే ఏంటి? మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తా. సముద్రం మీద ఓడ నుంచి శబ్దం కిందికి పంపి, తిరిగి వచ్చిన ప్రతిధ్వనులతో భూమి లోపలి పొరల బొమ్మ గీస్తారు. దాన్ని సీస్మిక్ అంటారు. దానికి బావుల్లో కొలిచిన వివరాలు కలుపుతారు. ఆ మొత్తం రాతిని లక్షల చిన్న చిన్న గడులుగా కోస్తారు, మైన్‌క్రాఫ్ట్ బ్లాకుల్లాగా. ప్రతి గడికి నాలుగైదు నంబర్లు: ఖాళీ ఎంత, పర్మియబిలిటీ ఎంత, ఒత్తిడి ఎంత, నీళ్లెంత, గ్యాస్ ఎంత. ఇక లూప్. ఒక టైమ్ స్టెప్‌లో ప్రతి గడి పక్క గడిని చూస్తుంది. నా ఒత్తిడి ఎక్కువా, నీది ఎక్కువా? ఎక్కువ ఉన్న గడి నుంచి తక్కువ ఉన్న గడికి డార్సీ సూత్రం ప్రకారం గ్యాస్ పోతుంది. మళ్లీ ఇంకో స్టెప్. బావి ఉన్న గడి నుంచి గ్యాస్ బయటికి లాగేస్తుంటాం కాబట్టి అక్కడ ఒత్తిడి పడిపోతుంది, చుట్టూ ఉన్న గడులు ఆ వైపు జరుగుతాయి. లక్షల ఏళ్లు కదలకుండా కూర్చున్న గ్యాస్, బావి తెరిచాక కొన్ని ఏళ్లలో కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. రెండూ కదలికలే. మొదటిదానికి భూమి కారణం, రెండోదానికి మనిషి.

అయితే ఆ లక్షల గడుల్లో నిజంగా కొలిచినవి బావులు తగిలిన కొన్ని మాత్రమే. మిగతావన్నీ అంచనా. మరి మోడల్ నిజమో కాదో ఎలా తెలుస్తుంది? ఇక్కడే హిస్టరీ మ్యాచింగ్ అనే పని వస్తుంది. పేరు చూడండి, మన ఛానల్ కోసమే పెట్టినట్టుంది. గడిచిన ఏళ్లలో ఏ బావి నుంచి ఏ రోజు ఎంత గ్యాస్ వచ్చింది, ఒత్తిడి ఎంత ఉంది అనే రికార్డు ఉంటుంది. మోడల్‌ని మొదటి రోజు నుంచి నడిపి, అది చెప్పే ఒత్తిడి నిజంగా కొలిచిన ఒత్తిడితో కలిసేదాకా అంచనాలని సరిచేస్తూ పోతారు. కలిస్తే మోడల్ గతాన్ని సరిగ్గా చెప్పినట్టు. కోడ్ రాసేవాళ్లకి ఇందులో ప్రమాదం వెంటనే తెలుస్తుంది. తిప్పే నాబ్‌లు ఎక్కువుంటే ఏ గ్రాఫ్‌నైనా కలిపేయొచ్చు. గతంతో సరిపోయే మోడల్స్ ఒకటి కాదు, చాలా ఉంటాయి.

ఇదంతా కాగితం మీద లెక్కల్లా అనిపిస్తే, కోనసీమ వాళ్లని అడగండి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి తవ్వుతుండగా గ్యాస్ ఒక్కసారిగా ఎగదన్నింది. మంట అంటుకుంది. 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. మార్చి 15న గానీ అదుపులోకి రాలేదు. కింద ఒత్తిడి అంటే ఏంటో ఆ జిల్లాలో ఒక తరం కళ్లారా చూసింది.

ఇప్పుడు కేసులోకి వెళ్దాం.

కేంద్రం 1999లో నెల్ప్ అనే కొత్త విధానంలో సముద్రాన్ని బ్లాకులుగా గీసి వేలం పెట్టింది. అక్షాంశం, రేఖాంశం గీతలతో మ్యాప్ మీద పెట్టెలు. అందులో 98/3 అనే పెట్టె రిలయన్స్, నికో జోడీకి వచ్చింది. ఒప్పందం 2000 ఏప్రిల్‌లో. మనం కేజీ-డీ6 అనేది దీన్నే. పక్కనే 98/2 అనే పెట్టె మొదట కెయిర్న్‌కి వెళ్లి, 2005లో ఓఎన్‌జీసీ చేతికి వచ్చింది. దాన్ని ఆనుకుని ఓఎన్‌జీసీకే గోదావరి పీఎంఎల్ అనే ఇంకో ప్రాంతం ఉంది. ఇప్పుడు ఆ సముద్రగర్భ కాలువలని గుర్తు తెచ్చుకోండి. లక్షల ఏళ్ల క్రితం మెలికలు తిరిగిన ఇసుక కాలువకి ఢిల్లీలో గీసిన గీత ఎక్కడ తెలుస్తుంది?

రిలయన్స్ 2002లో గ్యాస్ కనిపెట్టింది. దేశం మొత్తం పండగ. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. కాకినాడ దగ్గర గాడిమొగ నుంచి తెలంగాణ మీదుగా గుజరాత్‌లోని భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల పైప్‌లైన్. రోజుకి 8 కోట్ల ఘనపు మీటర్లు తీస్తామని ప్లాన్. 2010లో 6 కోట్లు దాటింది. అక్కడి నుంచి కిందికే. 8 కోట్లు ఎప్పుడూ ముట్టలేదు. భవిష్యత్తు చెప్పిన మోడల్స్ అంత ఘోరంగా తప్పాయి. నీళ్లు, ఇసుక బావుల్లోకి వచ్చాయని, రాయి అనుకున్నదానికన్నా ముక్కలు ముక్కలుగా ఉందని కంపెనీ చెప్పింది. కావాలనే తక్కువ బావులు తవ్వారని ప్రభుత్వం అంది. అది వేరే ఎపిసోడ్.

2010 మేలో ఇంకో ముఖ్యమైన తీర్పు వచ్చింది. ఇదే గ్యాస్ ధర మీద అంబానీ అన్నదమ్ములు కొట్టుకుంటే, సుప్రీంకోర్టు గ్యాస్ ప్రజల ఆస్తి, ప్రభుత్వం దానికి ధర్మకర్త అని చెప్పింది. ఆ ముగ్గురు జడ్జిల్లో ఒకరు మన తెలుగాయన, జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. కుటుంబాల మధ్య రాసుకున్న ఒప్పందంతో దేశం గ్యాస్‌ని పంచుకోలేరన్న ఆ మాటే తర్వాత మన కథలో తిరిగి పనికొస్తుంది.

2013 జులైలో ఓఎన్‌జీసీ, హైడ్రోకార్బన్స్ డైరెక్టరేట్‌కి ఉత్తరం రాసింది. మా వైపు రాయి, వాళ్ల వైపు రాయి ఒకటేలా ఉంది, కలిసి ఉంది, చూడండి అని. 2014 మేలో ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. సరిహద్దుకి 50 నుంచి 350 మీటర్ల దూరంలోనే రిలయన్స్ నాలుగు బావులు తవ్విందని దాని ఆరోపణ. మన బోరు గొడవే కదా! నిజానిజాలు తేల్చడానికి అమెరికాలో డల్లాస్‌కి చెందిన డీగోలియర్ అండ్ మెక్‌నాటన్ అనే సంస్థని పెట్టుకున్నారు. ఇద్దరికీ సమ్మతమైన సంస్థ, ఇది గుర్తుంచుకోవాలి.

2015 నవంబర్‌లో రిపోర్ట్ వచ్చింది. రెండు వైపులా ఉన్న రిజర్వాయర్లు కలిసే ఉన్నాయంది. 2015 మార్చి 31 నాటికి ఓఎన్‌జీసీ వైపు నుంచి 11.122 బీసీఎం గ్యాస్ ఇటు వచ్చిందంది. ఒక బీసీఎం అంటే వంద కోట్ల ఘనపు మీటర్లు. వేడి లెక్కలో చూస్తే ఆ గ్యాస్ సుమారు 60 కోట్ల ఇంటి సిలిండర్లతో సమానం, ఇది నేను వేసిన లెక్క. 2009 నుంచి అప్పటిదాకా రిలయన్స్ వైపు తీసిన మొత్తం 58.68 బీసీఎం. అందులో 8.981 పక్కవాళ్ల వైపు నుంచి వచ్చింది. నూటికి 15. మిగతా రెండు బీసీఎం పైచిలుకు గీత దాటింది గానీ, ఇంకా భూమి లోపలే ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. దశాంశం తర్వాత మూడు అంకెలు చూశారా? 11.122. దాదాపు కిలోమీటరు నీళ్ల కింద, దాని కింద ఇంకా కిలోమీటరు పైగా మట్టి కింద, కంటికి కనిపించని గ్యాస్‌ని అంత కచ్చితంగా ఎలా చెప్పారు? నా అభిప్రాయం చెప్తా. కంప్యూటర్ ఎన్ని అంకెలైనా ఇస్తుంది, అన్ని అంకెలూ భూమికి తెలుసని కాదు. కానీ పదిహేను శాతం అనే స్థాయిని తేలిగ్గా కొట్టిపారేయలేం. ఎందుకంటే ఇది ముందుచూపు లెక్క కాదు, ఆరేళ్ల రికార్డు చేతిలో పెట్టుకుని వేసిన లెక్క. మీ ఫోన్ చార్జింగ్ పెట్టకుండా రోజంతా గేమ్ ఆడారు, బ్యాటరీ సున్నాకి రావాలి, కానీ 15 శాతం ఉంది. ఎక్కడి నుంచో కరెంట్ వచ్చిందని మీకు తెలుస్తుంది, ఏ వైరు నుంచో కనపడకపోయినా. గ్యాస్ క్షేత్రంలో కూడా అంతే. ఎంత తీస్తే ఒత్తిడి ఎంత పడాలో లెక్క ఉంటుంది. అంత పడలేదంటే, పక్క నుంచి ఏదో వచ్చి చేరుతోంది. అది నీళ్లా, గ్యాసా, ఏ వైపు నుంచి అన్నదే మోడల్ విడదీసే పని. రెండోది, సరిహద్దుకి అవతల ఎవరూ ఇంకా గ్యాస్ తీయని చోట కూడా ఒత్తిడి తగ్గితే, దానికి వేరే సాకు దొరకడం కష్టం.

విచిత్రం ఏంటంటే, ఆ తర్వాత అసలు గొడవ ఈ నంబర్ మీద జరగలేదు. నంబర్ అలాగే ఉంది. దాని అర్థమే కోర్టు కోర్టుకీ మారింది.

జస్టిస్ ఏపీ షా కమిటీ 2016 ఆగస్టులో, రిలయన్స్‌కి ఇది అన్యాయంగా కలిసొచ్చిన లాభం, డబ్బు కట్టాలి అంది. కానీ ఎవరికి? ఓఎన్‌జీసీకి కాదు, ప్రభుత్వానికి. గ్యాస్ ఓఎన్‌జీసీ సొంతం కాదు కదా, అది తీసుకునే హక్కు ఉన్న కాంట్రాక్టర్ మాత్రమే. నవంబర్‌లో కేంద్రం వడ్డీతో కలిపి 155 కోట్ల డాలర్ల నోటీసు ఇచ్చింది. రిలయన్స్ ఆర్బిట్రేషన్‌కి వెళ్లింది. మా బావులు మా గీత లోపలే ఉన్నాయి, మా బావిలోకి ఏది వస్తే అది తీసుకునే హక్కు ఒప్పందంలో ఉంది, ఎక్కడి నుంచి వచ్చిందో అడిగే నిబంధన లేదు, ఇదీ వాదన. 2018 జులైలో ముగ్గురిలో ఇద్దరు ఆ వాదనకే ఓటేశారు. ప్రభుత్వానికి రావాల్సింది సున్నా. పైగా ఖర్చుల కింద ప్రభుత్వమే 83 లక్షల డాలర్లు కట్టాలన్నారు.

ఈ వాదన కొత్తదేం కాదు. 1889లో అమెరికాలోని పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు గ్యాస్‌ని అడవి జంతువుతో పోల్చింది. నీ పొలంలో ఉన్నంతసేపు నీది, పక్క పొలంలోకి దాటి అక్కడివాడు పట్టుకుంటే వాడిది. దీన్ని రూల్ ఆఫ్ క్యాప్చర్ అంటారు. ఫలితం ఏమైందంటే, అక్కడ అందరూ సరిహద్దుల మీద పోటీపడి బావులు తవ్వారు, ఒత్తిడి వృథా అయ్యి బోలెడు చమురు భూమిలోనే ఉండిపోయింది. ఆ దెబ్బకే తర్వాత యూనిటైజేషన్ అనే పద్ధతి వచ్చింది. రాయి ఒకటైతే క్షేత్రాన్ని ఒకటిగా నడిపి, వాటాలు పంచుకోవడం. దేశాల మధ్య అయితే ఇది ఇంకా ముదురుతుంది. 1990లో కువైట్ మీద దాడికి ముందు ఇరాక్ చెప్పిన ఫిర్యాదుల్లో ఒకటి, సరిహద్దులోని రుమైలా క్షేత్రం నుంచి మా చమురు లాగేస్తున్నారనే. మన దగ్గర ఒప్పందాల్లో యూనిటైజేషన్ మాట రాసే ఉంది. 2009కి ముందే ఆ పని చేసి ఉంటే ఈ వీడియో ఉండేది కాదు.

2023 మే 9న ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి ఆర్బిట్రేషన్ తీర్పుని సమర్థించారు. 2025 ఫిబ్రవరి 14న అదే హైకోర్టు డివిజన్ బెంచ్ ఆ రెండింటినీ కొట్టేసింది. ఈ అవార్డు దేశ ప్రజా విధానానికి విరుద్ధం అంది. మార్చి మొదటి వారంలో కొత్త నోటీసు వచ్చింది, 281 కోట్ల డాలర్లు. సవాలు చేస్తామని రిలయన్స్ ప్రకటించింది.

వరసగా చూడండి. 155 కోట్లు, సున్నా, మళ్లీ సున్నా, 281 కోట్లు. గ్యాస్ లెక్క మాత్రం అదే రిపోర్ట్‌ది. మోడల్ ఎంత గ్యాస్, ఎటు వైపు అని మాత్రమే చెప్పగలదు. ఎవరిది అనే కాలమ్ దాని గ్రిడ్‌లో లేదు. గోదావరి బురదలో పుట్టినదాన్ని కంపెనీదా, ప్రభుత్వానిదా అని తేల్చేది మనం రాసుకున్న కాగితాలే, వాటిని చదివే తీరే.

ఈలోపు సముద్రం కింద ఏమైంది? ఏ క్షేత్రం గురించి ఇంత గొడవో ఆ డీ1, డీ3 బావులు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. ఓఎన్‌జీసీ తన 98/2 నుంచి మొదటి చమురు తీసింది 2024 జనవరిలో. సముద్రంలో దొరికే గ్యాస్ మీద రాయల్టీ కేంద్రానికే, నేల మీద బావుల రాయల్టీ మాత్రమే రాష్ట్రానికి. అంటే 281 కోట్ల డాలర్లు నిజంగానే వసూలైనా, ఒప్పందం ప్రకారం అవి చేరేది ఢిల్లీ ఖాతాకి. కాకినాడకి, గాడిమొగకి అందులో వాటా రాసి లేదు.

గాడిమొగ, యానాం, అమలాపురం వైపు నుంచి చూస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, మీ ఊళ్లో ఈ గ్యాస్ వచ్చాక ఏం మారిందో కామెంట్‌లో రాయండి. పాశర్లపూడి మంటని చూసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, వాళ్లు చెప్పింది ఫోన్‌లో రికార్డ్ చేసి పంపించండి, నెక్స్ట్ ఎపిసోడ్ దాని మీదే చేద్దాం.